ఆఫీసులో నమాజు, ఇంట్లో అమ్మ ప్రశ్నలు: తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కోనసీమ కొబ్బరి | మంగళవారం రాత్రి

అందరికీ నమస్తే. చెన్నై షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా ఊళ్ళో మసీదు లేదు, ముస్లిం స్నేహితులు కూడా పెద్దగా లేరు. అందుకే ఈ అజ్ఞానం.

మా టీమ్‌లోకి కొత్తగా ఒకబ్బాయి వచ్చాడు, వాణియంబాడి వాడు. పనిలో వంక పెట్టేది లేదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పది నిమిషాలు కనపడడు. స్టోర్ రూమ్ పక్కన ఖాళీ గదిలో నమాజు చేసుకుంటాడట. నాకేం ఇబ్బంది లేదు. కానీ ఈ శుక్రవారం ఒంటిగంటకు క్లయింట్ కాల్ పెట్టాను. అతను ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఏం చేయాలి?

ఇంకోటి. వచ్చే నెల గృహప్రవేశం. అమ్మ ఊరి నుంచి వచ్చింది. ఇతన్ని పిలుస్తానంటే వరసపెట్టి అడుగుతోంది. మన ప్రసాదం తింటారా? హోమం దగ్గర కూర్చుంటారా? మక్కాలో రాయికి మొక్కేవాళ్ళు విగ్రహాలకు ఎందుకు మొక్కరు? పెదాలు కదుపుతూ లోపల ఏం చదువుకుంటారు? ఆడవాళ్ళు మసీదుకు ఎందుకు వెళ్ళరు? నెట్‌లో వెతికితే సగం ప్రచారం, సగం తిట్లు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఉంటారని అడుగుతున్నా.

కడప కారం | మంగళవారం రాత్రి

తమ్ముడూ, నేను ముస్లింనే. కడప మాది, పెరియమేట్‌లో తోళ్ళ వ్యాపారం. ఆలిమ్‌ని, అంటే మత పండితుణ్ణి కాదు, చిన్నప్పటి నుంచి చేస్తున్నదీ విన్నదీ చెప్తా. ముందు నీ శుక్రవారం సంగతి చూద్దాం, అదే అర్జెంటు.

రోజువారీ ఐదు నమాజులకు టైమంటే ఒక నిమిషం కాదు. ఫజర్‌కు తెల్లవారుజామున తొలి వెలుగు నుంచి సూర్యోదయం దాకా ఉంటుంది. జుహర్ పొద్దు నడినెత్తి దాటాక మొదలై అసర్ టైము వచ్చేదాకా. అసర్ సాయంత్రం. మగ్రిబ్ పొద్దు మునగ్గానే. ఇషా పడమటి ఎరుపు పోయాక. అంటే జుహర్ పన్నెండున్నరకు చేసుకున్నా, మీటింగ్ ఉండి రెండున్నరకు చేసుకున్నా చెల్లుతుంది. మగ్రిబ్‌కు మాత్రం గట్టిగా గంటంబావు కూడా దొరకదు. సూర్యుడు సరిగ్గా ఉదయించేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమించేటప్పుడు మామూలుగా నమాజు చేయం. సూర్యుణ్ణి పూజించినట్టు ఉండకూడదని అంటారు.

శుక్రవారం మధ్యాహ్నం లెక్క వేరు. ఆ రోజు జుహర్ బదులు జుమా, అది ఒంటరిగా చేసేది కాదు. మసీదుకు వెళ్ళాలి, ఇమాము చెప్పే ఖుత్బా, అంటే ప్రసంగం, నోరు మెదపకుండా వినాలి, ఆ తర్వాత అందరితో కలిసి రెండు రకాతులు. నిలబడి, వంగి, నేలకు నుదురు ఆనించే ఒక చుట్టును రకాతు అంటాం. తప్పిపోతే మామూలు జుహర్ నాలుగు రకాతులు చేసుకుంటాం కానీ పోయిన జుమా పోయినట్టే. ఆఫీసు గదిలో ఒక్కడే చేసుకోమనకు, వీలు కాదు. ఆ అబ్బాయి ఆగిపోయింది అందుకే. కాల్ రెండుంబావుకి జరుపు. మసీదు దగ్గర్లో ఉంటే ఒంటిగంటా నలభైకల్లా సీట్లో ఉంటాడు.

ప్రశ్నార్థకం | మంగళవారం రాత్రి

నేను నాస్తికుణ్ణి, ముందే చెప్తున్నా. ఏ మతమైనా నాకొకటే. కానీ ఆఫీసు టైములో రోజుకు రెండు మూడుసార్లు ఇదంతా ఎందుకు? ఇంటికెళ్ళి అన్నీ కలిపి చేసుకోవచ్చు కదా?

కడప కారం | మంగళవారం రాత్రి

కలిపి చేసుకోవడం ప్రయాణంలో కొందరికి ఉంది. నాలుగు రకాతుల నమాజు ప్రయాణంలో రెండుకు తగ్గుతుంది, ఇది అందరికీ ఉన్నదే. మా లెక్క ప్రకారం ఊళ్ళో ఉండి, ఒంట్లో బాగుండి కలపడం కుదరదు. ఖురాన్‌లోనే నమాజు నిర్ణీత వేళల్లో విధి అని ఉంది.

టైము లెక్క కూడా చెప్తా. నాలుగు రకాతుల ఫర్జ్, అంటే తప్పనిసరి భాగం, ఆరేడు నిమిషాలు. ముందూ వెనకా సున్నత్‌లు, అంటే ప్రవక్త అలవాటు ప్రకారం చేసే అదనపు రకాతులు కూడా చేస్తే పావుగంట. సిగరెట్ కోసం కిందికి దిగేవాళ్ళ లెక్క మీ ఆఫీసులో ఎవరైనా రాస్తున్నారా?

ప్రశ్నార్థకం | మంగళవారం రాత్రి

ఆ దెబ్బ నాకే తగిలింది. 😀 సరే.

రాయపేట టీచరక్క | బుధవారం ఉదయం

కారం భాయ్ చెప్పినదానికి ఒకటి కలుపుతా. మాది నెల్లూరు, పెళ్ళయ్యాక ఇక్కడ స్థిరపడ్డాం. చెన్నైలో ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి: ఇక్కడ హనఫీ, షాఫయీ అనే రెండు ధర్మశాస్త్ర పద్ధతులూ పక్కపక్కనే నడుస్తాయి. ఉర్దూ మాట్లాడే మావాళ్ళు ఎక్కువగా హనఫీ. కాయల్‌పట్నం, కీళక్కరై నుంచి వచ్చిన తమిళ ముస్లింలు ఎక్కువగా షాఫయీ. అసర్ టైము దగ్గర తేడా బాగా తెలుస్తుంది. ఒక కర్ర నాటారనుకోండి. మిట్టమధ్యాహ్నం ఉన్న నీడను తీసేసి చూస్తే, మిగిలిన నీడ కర్ర పొడవంత అయితే షాఫయీలకు అసర్ వచ్చినట్టు. హనఫీలు ఆ నీడ కర్రకు రెట్టింపు అయ్యేదాకా ఆగుతారు. ఇద్దరికీ గంట అటూఇటూ తేడా వస్తుంది. ఒకే వీధిలో రెండు మసీదుల అజాన్ (నమాజు పిలుపు) వేరే వేరే టైముల్లో వినపడితే ఎవరిదో గడియారం చెడిపోయిందనుకోకండి.

చేతులు కట్టుకునే తీరూ అంతే. హనఫీ మగవాళ్ళు బొడ్డు కింద, షాఫయీలు బొడ్డుకి పైన. ఫాతిహా అయ్యాక ఆమీన్ ఒకరు మనసులో అంటే ఒకరు పైకి అంటారు. ఒకరి వెనక ఒకరు నిలబడి చేసుకుంటారు, గొడవేం లేదు. ఆ అబ్బాయి వాణియంబాడి అన్నారు కాబట్టి హనఫీ అయ్యుండొచ్చు, కానీ ఊరిని బట్టి ఊహించడం కన్నా అతన్నే అడగడం మేలు.

అమ్మగారి ప్రశ్నకు వస్తా, లోపల ఏం చదువుతారని. మొదట చేతులు చెవుల దాకా ఎత్తి అల్లాహు అక్బర్ అంటాం. అక్కడి నుంచి లోకంతో మాటల్లేవు. నిలబడి ఫాతిహా చదువుతాం, ఖురాన్‌లో ఏడు వాక్యాల చిన్న సూరా, అంటే అధ్యాయం. సర్వలోకాల ప్రభువుకే స్తోత్రం, నిన్నే ఆరాధిస్తాం, నిన్నే సాయం అడుగుతాం, మాకు సరైన దారి చూపించు, ఇదీ సారం. దాని వెంట ఇంకో చిన్న సూరా. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగడం, రుకూ. లేచి నిలబడి సజ్దాకు వెళ్తాం. నుదురు, ముక్కు, రెండు అరచేతులు, రెండు మోకాళ్ళు, రెండు కాళ్ళ వేళ్ళు నేలకు తాకాలి. అక్కడ మూడుసార్లు సుబ్‌హాన రబ్బియల్ ఆలా, అత్యున్నతుడైన నా ప్రభువు పవిత్రుడు అని. లేచి కూర్చుని మళ్ళీ ఒకసారి. ఇదంతా ఒక రకాతు. ఫజర్‌కు రెండు, జుహర్, అసర్, ఇషాలకు నాలుగేసి, మగ్రిబ్‌కు మూడు. ఫర్జ్ మట్టుకు రోజుకు మొత్తం 17. చివర కూర్చుని కుడివైపు, ఎడమవైపు ముఖం తిప్పి సలాం చెప్పగానే అయిపోయినట్టు.

నమాజు లోపలి చదువంతా అరబీలోనే. అది అయ్యాక చేతులు చాచి అడిగే దువా మాత్రం ఎవరి భాషలో వాళ్ళు. మా అమ్మమ్మ దువా అచ్చ నెల్లూరు తెలుగులో ఉండేది, కోడలి మీద ఫిర్యాదులతో సహా.

మైలాపూర్ మరదలు | బుధవారం ఉదయం

టీచరక్కా, అమ్మమ్మ సూపర్. 😂 నాదో చిన్న డౌటు. మా ఆఫీసులో ఒకాయన వాష్ బేసిన్‌లో కాళ్ళు కడుగుతాడని హౌస్‌కీపింగ్ వాళ్ళు గోల. అది తప్పనిసరా?

కడప కారం | బుధవారం మధ్యాహ్నం

వజూ, అంటే నమాజుకు ముందు కడుక్కోవడం, తప్పనిసరి, బేసిన్ తప్పనిసరి కాదు. చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు కడిగి, తడిచేత్తో తల తుడిచి, చీలమండల దాకా కాళ్ళు కడగాలి. ఒక మగ్గు నీళ్ళతో పనైపోతుంది. ఏటి ఒడ్డున ఉన్నా నీళ్ళు వృథా చేయొద్దని చెప్తారు మా పెద్దలు. నేలంతా తడిచేసి పోయేవాళ్ళను చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది.

ఇంకో దారి ఉంది. పొద్దున ఇంట్లో కాళ్ళతో సహా వజూ చేసి తోలు మేజోళ్ళు తొడుక్కుంటే, ఒక పగలూ రాత్రీ వజూ పోయినప్పుడల్లా కాళ్ళు కడగక్కర్లేదు, మేజోళ్ళ పైన తడిచేత్తో తుడిస్తే చాలు. ప్రయాణంలో మూడు రోజుల దాకా వీలుంది. తోళ్ళ వ్యాపారిని కాబట్టి చెప్తున్నాననుకోకు.

నీళ్ళే లేకపోతే, లేదా నీళ్ళు తగిలితే జబ్బు ముదురుతుందంటే, శుభ్రమైన మట్టి మీద అరచేతులు తట్టి ముఖం, చేతులు తుడుచుకుంటారు. తయమ్ముమ్ అంటారు. 2019 ఎండాకాలంలో చెన్నైలో కుళాయిలు ఎండిపోయినప్పుడు ఇది చాలాసార్లు మాటల్లోకి వచ్చింది.

కోనసీమ కొబ్బరి | బుధవారం సాయంత్రం

చాలా థాంక్సండీ. కాల్ మార్చేశాను. అమ్మకు ఫాతిహా సంగతి చెప్తే "మనం అడిగేదీ అదే కదరా" అంది. కానీ రాయి ప్రశ్న వదలడం లేదు.

కడప కారం | బుధవారం రాత్రి

అమ్మగారు అడగాల్సిందే అడిగారు. మా పిల్లలూ అడుగుతారు.

మక్కాలోని కాబా కట్టడం మాకు నమాజుకు తిరిగే దిక్కు మాత్రమే. చెన్నై నుంచి చూస్తే పడమర, కొంచెం ఉత్తరానికి జరిగి. కాబాకు ఈవల మేం పడమటికి తిరుగుతాం, మొరాకో వాళ్ళు తూర్పుకి తిరుగుతారు, అందరూ ఒకే చోటికి. ముహమ్మద్ ప్రవక్త, ఆయన అనుచరులు మదీనాకు వెళ్ళిన కొత్తలో జెరూసలేం వైపు తిరిగి నమాజు చేసేవాళ్ళు. 624 ప్రాంతంలో కాబా వైపుకు మారింది. కట్టడాన్నే పూజించేవాళ్ళయితే ఇంత తేలిగ్గా మార్చుకోలేరు. 630లో మక్కా చేతికొచ్చాక కాబాలోని విగ్రహాలు తీసేశారు, బిలాల్ ఆ కాబా పైకే ఎక్కి అజాన్ ఇచ్చాడు. బిలాల్ ఒకప్పుడు బానిస, అబిసీనియా మూలాలవాడు, ఇస్లాంలో మొదటి ముఅజ్జిన్, అంటే అజాన్ ఇచ్చేవాడు. మొక్కే వస్తువు మీద కాలు పెట్టి నిలబడతామా, చెప్పండి.

నల్లరాయి కాబా మూలలో ఉంటుంది. హజ్‌కి వెళ్ళినవాళ్ళు వీలైతే ముద్దు పెట్టుకుంటారు, వీలుకాకపోతే దూరం నుంచి చెయ్యి చూపిస్తారు. రెండో ఖలీఫా ఉమర్ దాని ముందు నిలబడి అన్న మాట హదీసుల్లో (ప్రవక్త, ఆయన అనుచరుల మాటలు, చేతల సంకలనాలు) ఉంది: నువ్వొక రాయివని నాకు తెలుసు, నీవల్ల లాభం లేదు, నష్టం లేదు, ప్రవక్త నిన్ను ముద్దాడటం చూడకపోతే నేనూ ముద్దాడేవాణ్ణి కాదు అని.

ఖురాన్ రెండో సూరాలో 177వ వాక్యం కూడా అమ్మగారికి చెప్పు. ముఖాలు తూర్పుకో పడమరకో తిప్పడం పుణ్యం కాదు అని మొదలవుతుంది. దేవుణ్ణి నమ్మడం, అనాథలకు, పేదలకు, బాటసారులకు ఇష్టమైన డబ్బు ఇవ్వడం, మాట నిలబెట్టుకోవడం, ఇవీ పుణ్యమంటూ వరసగా చెప్తుంది. దిక్కు పట్టింపు మీద మాకే గట్టి హెచ్చరిక అది.

ప్రశ్నార్థకం | బుధవారం రాత్రి

భాయ్, ఒప్పుకుంటా. కానీ ఒక మాట. విగ్రహం పెట్టుకున్న హిందువు కూడా "రాయి దేవుడు కాదు, రాయిలో దేవుణ్ణి చూస్తున్నా" అనే అంటాడు. అప్పుడు మీ ఇద్దరికీ తేడా ఏంటి?

కడప కారం | గురువారం ఉదయం

తేడా ఉంది, లేదని చెప్తే నేను మొహమాటానికి మాట్లాడినట్టు. మా నమ్మకంలో దేవుడికి రూపం ఇవ్వడమే కూడదు, ఎంత భక్తితో ఇచ్చినా. మీ అమ్మానాన్నల భక్తి అబద్ధమని అనను. నేను మాత్రం అలా చేయలేను.

ట్రిప్లికేన్ పాతకాపు | గురువారం ఉదయం

మధ్యలో దూరుతున్నా. నేను హిందువుని, పార్థసారథి గుడికీ వాలాజా మసీదుకీ మధ్య కాపురం. ఈ చర్చ చూస్తే ఆ మసీదు గుర్తొచ్చింది. 1795లో ఆర్కాటు నవాబు వాలాజా కుటుంబం కట్టించింది. బూడిదరంగు గ్రానైటు, చెక్కా ఇనుమూ వాడలేదంటారు. లోపల గోడ మీద ఫార్సీలో కట్టిన సంవత్సరం తెలిపే పద్యం చెక్కి ఉంది. అది రాసింది రాజా మఖన్ లాల్ ఖిరత్, నవాబు కొలువులోని హిందువు.

రంజాన్‌లో సాయంత్రం వెళ్ళి చూడండి. ఇఫ్తార్ వడ్డించే వాలంటీర్లలో చాలామంది సింధీ హిందువులు, మైలాపూర్ సూఫీదార్ అనే సంస్థ వాళ్ళు. విభజనప్పుడు సింధ్ వదిలి వచ్చిన కుటుంబాల తరం మొదలుపెట్టిన సేవ, దశాబ్దాలుగా నడుస్తోంది. ఉపవాసం విడిచేటప్పుడు తాగే నోన్బు కంజి, ఆ గంజి గురించి వేరే చెప్పాలా? బియ్యం, పెసరపప్పు, కొంచెం మాంసం, మెంతులు, కొబ్బరిపాలు. మసీదులకు ఆ కంజికి కావలసిన బియ్యం తమిళనాడు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మా వీధి పిల్లలు మతంతో పనిలేకుండా గిన్నెలు పట్టుకుని వెళ్తారు.

మైలాపూర్ మరదలు | గురువారం మధ్యాహ్నం

ఆడవాళ్ళ ప్రశ్న ఎవరూ తీసుకోలేదు, మగవాళ్ళంతా తప్పించుకున్నారు.

రాయపేట టీచరక్క | గురువారం మధ్యాహ్నం

నాకోసం వదిలేశారులే చెల్లీ.

మతం అడ్డుకోలేదు. దేవుడి దాసీలను మసీదులకు రాకుండా ఆపొద్దని ప్రవక్త మాటే హదీసులో ఉంది. మక్కా, మదీనాల్లో ఆడవాళ్ళు రోజూ నమాజు చేస్తారు. మన దేశంలో సుప్రీంకోర్టులో కేసు నడిచినప్పుడు ముస్లిం పర్సనల్ లా బోర్డు కూడా 2020లో ఆడవాళ్ళు మసీదుకు రావచ్చని అఫిడవిట్ ఇచ్చింది. జుమా మాకు తప్పనిసరి కాదు, వెళ్తే వెళ్ళొచ్చు. మరి చిక్కెక్కడ? చోటు దగ్గర. పాత మసీదులు కట్టేటప్పుడు ఎవరూ మా గురించి ఆలోచించలేదు. వేరే ద్వారం లేదు, వజూకి చోటు లేదు, బాత్రూమ్ లేదు. కొన్నింట్లో ఇప్పుడు వేరే హాలు పెడుతున్నారు. మా ఇంటి దగ్గరి కమిటీని నేను అడిగితే "చూద్దామమ్మా" అంటున్నారు, ఆ చూపు ఇంకా పూర్తి కాలేదు. నా కోపం ఖురాన్ మీద కాదు, కమిటీ మీద.

నెలసరి రోజుల్లో నమాజు ఉండదు, తర్వాత తీర్చక్కర్లేదు కూడా. ఉపవాసాలు మాత్రం తర్వాత లెక్కపెట్టి తీర్చుకోవాలి.

గోదారి గట్టు | గురువారం రాత్రి

నాకో పెద్ద ప్రశ్న. ముస్లింల లెక్కలో రాముడు, కృష్ణుడు ఎవరు? ఏసు ఎవరు?

కడప కారం | గురువారం రాత్రి

ఏసు సులువు. ఈసా అంటాం, గొప్ప ప్రవక్త. కన్య మర్యమ్‌కి పుట్టాడని మేమూ నమ్ముతాం, ఖురాన్‌లో ఒక సూరా ఆమె పేరు మీదే ఉంది. దేవుడి కుమారుడని నమ్మం, సిలువ మీద చనిపోయాడనీ నమ్మం. ఇబ్రాహీం, మూసా, ఈసా, ముహమ్మద్, అందరూ ఒకే దేవుడు పంపినవాళ్ళు, ఆఖరివాడు ముహమ్మద్. ఆయన్నీ పూజించం.

రాముడు, కృష్ణుడు: ఖురాన్‌లో 25 మంది ప్రవక్తల పేర్లున్నాయి. ప్రతి జాతికీ ఒక ప్రవక్తను పంపామనీ, కొందరి సంగతి చెప్పలేదనీ కూడా అందులోనే ఉంది. దాన్ని బట్టి ఈ దేశానికీ ఎవరో వచ్చి ఉంటారని నమ్ముతాం. వాళ్ళు వీళ్ళేనా అంటే పేరు పెట్టి అవుననీ కాదనీ చెప్పం. పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీ సూఫీ మీర్జా మజ్‌హర్ జానే జానా లాంటివాళ్ళు అలా అయ్యుండొచ్చని భావించారు. దేవుళ్ళుగా మాత్రం కొలవం.

మోడరేటర్ | గురువారం రాత్రి

లౌడ్‌స్పీకర్ల మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను, బూతులున్నాయి. శబ్దం నిబంధనలు గుడికీ మసీదుకీ చర్చికీ ఒకటే, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. దానిమీద చర్చ కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి, మర్యాదగా.

కోనసీమ కొబ్బరి | శుక్రవారం ఉదయం

ఇక మిగిలింది ప్రసాదం. దీని మీదే అమ్మకు టెన్షన్. పెట్టి, అతను తినకపోతే అతనికి ఇబ్బంది, పెట్టకపోతే అవమానించినట్టు.

కడప కారం | శుక్రవారం ఉదయం

నేను చేత్తో తీసుకుంటా, తినను. ఇంటికి తీసుకెళ్ళి మా పక్కింటి వాళ్ళకిస్తా. దేవుడికి నైవేద్యం పెట్టింది మేం తినకూడదని ఎక్కువమంది ఆలిమ్‌లు చెప్తారు. భోజనం వేరు. నైవేద్యానికి ముందే తీసిన పులిహోర, పప్పు, గారెలు హాయిగా తింటా.

రాయపేట టీచరక్క | శుక్రవారం ఉదయం

మా నాన్న తిరుపతి లడ్డు కళ్ళకద్దుకుని తినేవారు. నేను తినను. మా తమ్ముడు తింటాడు, ఎవరికీ చెప్పడు. 😀 మా ఊళ్ళోనే చూడండి, బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునేవాళ్ళలో హిందువులెంతమందో. దర్గాలకే వెళ్ళకూడదనే ముస్లింలూ ఉన్నారు, దర్గాకు మొక్కనిదే పెళ్ళి పెట్టుకోనివాళ్ళూ ఉన్నారు. అందుకే అమ్మగారికి చెప్పండి, ఆ అబ్బాయికి ముందు రోజే ఫోన్ చేసి "బాబూ, భోజనం విడిగా ఉంచుతాను, ప్రసాదం నీ ఇష్టం" అంటే సరిపోతుంది. హోమం దగ్గర అతిథిగా కుర్చీలో కూర్చోడానికి చాలామందికి అభ్యంతరం ఉండదు. హారతి కళ్ళకద్దుకోమని పళ్ళెం ముఖం దాకా తేకండి, అంతే.

ముహూర్తం ఎన్నింటికి?

కోనసీమ కొబ్బరి | శుక్రవారం మధ్యాహ్నం

తెల్లవారుజామున 4:50.

కడప కారం | శుక్రవారం మధ్యాహ్నం

ఫజర్‌కి లేచేవాడే కదా, మీ చుట్టాలందరికన్నా ముందు వస్తాడు. ఒక గది మూల శుభ్రంగా ఉంచు, అక్కడే నమాజు చేసుకుంటాడు. బొమ్మలూ ఫోటోలూ లేని గోడ వైపు అయితే మంచిది. అతను చేసుకునేటప్పుడు ఎదురుగా నడవొద్దని పిల్లలకు చెప్పు. పడమర ఎటో చూపించు చాలు.

మైలాపూర్ మరదలు | శుక్రవారం సాయంత్రం

పాతకాపు గారూ, వాలాజా మసీదు లోపలికి మాలాంటివాళ్ళను రానిస్తారా?

ట్రిప్లికేన్ పాతకాపు | శుక్రవారం సాయంత్రం

ఆవరణలోకి రానిస్తారమ్మా. నమాజు వేళలు, శుక్రవారం మధ్యాహ్నం తప్పించి రండి. చెప్పులు బయట, తల మీద చున్నీ. గేటు దగ్గర ఒక మాట అడిగి లోపలికి వెళ్ళండి, ఫోటోలు కూడా అడిగే తీయండి. రంజాన్‌లో వస్తే ఐదున్నరకల్లా చేరుకోండి, ఆలస్యమైతే కంజి అయిపోతుంది.